నాలుగో జోడు

పరిపాలనా సరళీకరణ మండలి అనే ఆఫీసు ఒకటుందని చాలామందికి తెలియదు. తెలియకపోవడం వాళ్ళ అదృష్టం. ప్రభుత్వ పనుల్లోని చిక్కుముళ్ళు విప్పడానికని పెట్టిన ఆ మండలికి రాజధానిలో ప్రధాన కార్యాలయమూ, కాకినాడలో ఒక ప్రాంతీయ కార్యాలయమూ ఉన్నాయి. కాకినాడ ఆఫీసుకి సూపరింటెండెంటు గుబ్బల త్రిమూర్తులు గారు. ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసులో ఆయన విప్పిన ముడి ఒక్కటీ లేదు గాని, స్వయంగా వేసిన ముడి మాత్రం ఒకటుంది. అందులో మొదట బిగుసుకున్నవి ఆయన కాళ్ళే. ఈ సంగతి ఎవరడిగినా ఆయనే నవ్వుతూ చెబుతారు, కాబట్టి మనమూ మొహమాటపడక్కర్లేదు.

త్రిమూర్తులు గారికి మడమ నొప్పి. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేశారంటే మేకు మీద కాలేసినట్టే. మందులయ్యాయి, నూనెలయ్యాయి, ఇసుక మూటతో కాపడాలయ్యాయి. ఆ నొప్పి లొంగింది ఒక్క తోలు చెప్పుల జతకే. కొని పదకొండేళ్ళయింది. ఆఫీసు సందు మొగలో చెప్పులు కుట్టే ఏసోబు వాటికి ఏడుసార్లు అడుగు మార్చాడు, నాలుగుసార్లు పట్టీలు మార్చాడు, మడమ కింద పాత సైకిలు ట్యూబు ముక్క ఒకటి మెత్తగా పెట్టి కుట్టాడు. ఆ ట్యూబు ముక్కలో ఏ మహిమ ఉందో ఏసోబుకీ తెలియదు. కొన్ననాటి సరుకు వాటిలో ఎంత మిగిలిందో చెప్పడం కష్టం గాని, వాటిని తొడుక్కుంటే మాత్రం త్రిమూర్తులు గారు మనిషవుతారు.

ఇంట్లో స్టాండు మీద ఇవి కాక మరో పది జతలుండేవి. బావమరిది పెళ్ళిలో పెట్టిన కిర్రుచెప్పులు ఒకటి. చవగ్గా వస్తున్నాయని సైజు చాలకపోయినా కొన్న బూట్లు ఒకటి. డాక్టరు రాసిచ్చిన స్పాంజి చెప్పులు ఒకటి, వాటితో బాత్రూములో జారిపడ్డప్పటినుంచి అవి సెలవులో ఉన్నాయి. భార్య వీరవేణి దుమ్ము దులిపినప్పుడల్లా అదే మాట అనేది.

"పదకొండు జతలు పెట్టుకుని వేసుకునేది ఆ బొంత చెప్పులేనా అండీ? గుమ్మంలో వాటిని చూసి పక్కింటావిడ, మీ ఇంటికి చందాలవాళ్ళెవరో వచ్చినట్టున్నారని వెళ్ళిపోయింది."

"పోనీలే, చందా తప్పింది" అనేవారు త్రిమూర్తులు గారు.

ఇలా నడుస్తుండగా మండలికి కొత్త కమిషనరు వచ్చారు. తక్కువ వస్తువులతో ఎక్కువ పని అనే విషయం మీద ఎక్కడో పది రోజులు శిక్షణ పొంది, ఆ వేడి చల్లారకముందే కుర్చీలో కూచున్నారు. కూచున్న రోజే ఉత్తర్వు వేశారు: ప్రతి ప్రాంతీయ కార్యాలయమూ ప్రతి శుక్రవారం సాయంత్రం అయిదు గంటల్లోగా ఒక సరళీకరణ సూచన పంపాలి. మొదటి వారం త్రిమూర్తులు గారు ఫైలుకి రెండు ట్యాగులెందుకు, ఒకటి చాలన్నారు. రెండో వారం ఆ ఒక్కటీ పొడుగ్గా ఉండాలన్నారు. మూడో శుక్రవారం నాలుగున్నర అయింది, బుర్రలో ఏమీ లేదు.

అప్పుడు అటెండరు మంగాయమ్మ మిరపకాయ బజ్జీలు తెచ్చింది. బజ్జీలు కట్టిన కాగితం ఏదో ఆదివారం పుస్తకంలోది. తినడం అయ్యాక త్రిమూర్తులు గారు అలవాటు కొద్దీ దాన్ని కూడా చదివారు. ఆయనకి ఎదురుగా కాగితం ఉంటే చదవకుండా ఉండలేని జబ్బు. మనిషికి రోజువారీ తిరుగుళ్ళకి మూడు జతలు చాలునట. పెద్దవాళ్ళ ముందు కూచోడానికి నల్ల బూట్లు, నడకకి గుడ్డ బూట్లు, మిగతా అన్నిటికీ పనికొచ్చే చెప్పులు. రంగు ఏ బట్టల మీదికైనా కలిసేలా ఉండాలి. అంతకు మించి ఉన్నవి స్టాండుకి బరువు, మనసుకి చిరాకు. నాలుగో పేరా మీద బజ్జీ నూనె పడి అక్షరాలు కలిసిపోయాయి. అందులో ఏముందో ఆయనకి ఇప్పటికీ తెలియదు. బహుశా ఈ సలహాలు ఇంటివరకే వాడుకోమని ఉంటుంది.

నాలుగూ నలభై అయిదుకి కలం తీసి రాశారు: "ఉద్యోగి మనసు తేలికగా ఉన్నచో ఫైలు తేలికగా కదులును. ఇంట చెప్పుల సంఖ్య తగ్గినచో మనసు తేలికపడును. కావున ఉద్యోగి ఒక్కరికి మూడు జతల చెప్పులు చాలును." రాసి సంతకం పెట్టి, పదకొండు జతలున్న ఇంటికి హాయిగా వెళ్ళిపోయారు.

ప్రధాన కార్యాలయం నుంచి ఏ జవాబైనా రావడానికి తొమ్మిది నెలలు పడుతుంది. దీనికి తొమ్మిది రోజులు పట్టింది. కమిషనరు గారు ఆ సూచన చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. కాకపోతే భాషా విభాగం నుంచి ఒక ఆక్షేపణ వచ్చింది. ఆ విభాగాధికారి స్వయంగా ఫోన్ చేశారు.

"ఏమండీ, ప్రభుత్వ కాగితం మీద చెప్పు అన్న మాట రాయడానికి మీకు చేతులెలా వచ్చాయి? రేపు ఎవరో ఒకరు 'సూపరింటెండెంటు గారికి రెండు చెప్పులు' అని నమోదు చేస్తారు. అది జాబితా అనుకోవాలా, శిక్ష అనుకోవాలా?"

"పోనీ పాదరక్షలు అందామాండి?"

"పాదం అన్న మాట కమిషనరు గారి సంతకానికి పైన ఉంటే ఏం బాగుంటుంది? కింద ఉంటే అసలు బాగుండదు. అదీగాక మనది తేట తెలుగు విధానం. జోడు అని మంచి మాట ఉంది గదా. మర్యాదైన మాట. కాళ్ళ ప్రసక్తి లేకుండా నిర్వచనం మేమే తయారుచేస్తాం, మీరు కంగారుపడకండి."

తయారుచేశారు. ఉత్తర్వులో రెండో పేరా ఇలా వచ్చింది: "జోడు అనగా దేహమున ధరింపదగినదియు, రెండు సమభాగములు కలదియు, వాడుకచే అరుగునదియు, లోకవ్యవహారమున జోడు అని పిలువబడునదియు నగు వస్తువు. ప్రతి ఉద్యోగియు మూడు జోళ్ళు కలిగియుండవలెను. మూడుకు తగ్గరాదు, మించరాదు." కాళ్ళ ప్రసక్తి ఎక్కడా లేదు. అది గొప్ప విజయమని భాషా విభాగం వాళ్ళు ఆ సాయంత్రం స్వీట్లు పంచుకున్నారని వినికిడి.

అదే ఉత్తర్వులో త్రిమూర్తులు గారిని కాకినాడకి జోడు సమన్వయాధికారిగా నియమించారు. పేరులోనే మూడున్నవాడు దొరకడం శుభసూచకమని కమిషనరు గారు అన్నారట. అబద్ధమెందుకు, త్రిమూర్తులు గారు పొంగిపోయారు. బల్ల మీద కొత్త బోర్డు పెట్టించుకున్నారు. జోళ్ళ వివరాలకి రిజిస్టరు ఒకటి కావాలంటే, కొత్తగా గీయడానికి బద్ధకించి ఆఫీసు కుర్చీల రిజిస్టరు నమూనానే దించేశారు. వాడుకలో ఉన్నవి, విసర్జించినవి, రిపేరులో ఉన్నవి అని మూడు గళ్ళు.

ఇంటికి వెళ్ళి స్టాండు ముందు కూచుని ఎనిమిది జతలు ఏరి పక్కన పెట్టారు. వీరవేణి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఆ పాతవాటిని ఉంచుకుని కొత్తవాటిని తీసేస్తున్నారేంటండీ?"

"ఇవి సర్వోపయోగ జోడు. ఉత్తర్వులో ఉంది."

"ఉత్తర్వులో ఈ చెప్పులున్నాయా?"

"ఉత్తర్వు నాది గదే" అన్నారు. ఆ మాటంటున్నప్పుడు ఆయన గొంతులో ధీమా వీరవేణికి బాగా గుర్తు.

మర్నాడు ఆఫీసులో మొదటి చిక్కు మంగాయమ్మ రూపంలో వచ్చింది.

"అయ్యా, నాకున్నయి ఒక జతేనండి. మిగతా రెండూ ఎక్కణ్ణించి తెమ్మంటారు?"

"మూడుకు తగ్గరాదని ఉంది మంగాయమ్మా."

"ఎక్కువైతే తప్పన్నారు, సరేనండి. తక్కువైతే కూడా తప్పేంటండి బాబూ?"

త్రిమూర్తులు గారు ఆలోచించి, తను ఏరేసిన ఎనిమిది జతల్లో రెండు తెచ్చి ఆవిడ పేర రాయించారు. అయిదో నంబరు కాలుండే మంగాయమ్మ అలా ఏడో నంబరు మగవాళ్ళ బూట్లకీ, పెళ్ళి కిర్రుచెప్పులకీ యజమానురాలైంది. కిర్రుచెప్పులు వాళ్ళాయన వేసుకుని ఊరంతా కిర్రు కిర్రుమని తిరుగుతున్నాడనీ, దానివల్ల ఆయన ఎక్కడున్నాడో తనకి ఎప్పటికప్పుడు తెలుస్తోందనీ తర్వాత చెప్పింది. ఈ విధానం వల్ల నికరంగా లాభం పొందిన మనిషి ఆవిడొక్కతే.

నెల తిరక్కుండా తనిఖీ వచ్చింది. ప్రత్యేకాధికారి సోమయాజులు గారు సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉంటారు. ప్రతి మాటకీ ముందు, ఇది నా అభిప్రాయం కాదు, నిబంధన అభిప్రాయం అంటారు. ఆ రోజు సిబ్బంది అంతా తమ తమ జోళ్ళు సంచుల్లో తెచ్చి వరండాలో వరసగా పరిచారు. త్రిమూర్తులు గారు తన మూడూ ముందు పెట్టుకుని, బడి పిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పారు.

"ఈ నల్లవి సమావేశాలకండి. ఈ గుడ్డవి ఆరోగ్య నడకకండి. ఇవి సర్వోపయోగమండి. ఏ పాంటు మీదికైనా, ఏ పనికైనా..."

"మూడు. సంతోషం" అన్నారు సోమయాజులు గారు. "నాలుగోది చూపించండి."

"నాలుగోది లేదండి."

"మీ ముక్కు మీద ఉన్నదేమిటి?"

త్రిమూర్తులు గారు ముక్కు తడుముకున్నారు. "కళ్ళజోడండి."

"ఏ జోడు?"

"కళ్ళ... జోడండి."

"ఉద్యోగి స్వయంగా అంగీకరించారు, రాసుకోండి" అన్నారు సోమయాజులు గారు గుమాస్తాతో. "దేహమున ధరింపదగినది. ధరించారు. రెండు సమభాగాలు కలది. కనిపిస్తూనే ఉంది. వాడుకచే అరుగునది. ఆ అద్దాల మీద గీతలు చూడండి. లోకవ్యవహారంలో జోడు అని పిలుస్తారు. ఇప్పుడే మీరే పిలిచారు. ఇది నా అభిప్రాయం కాదు, నిబంధన అభిప్రాయం."

"అయ్యా, ఆ ఉత్తర్వు చెప్పుల గురించండి. సూచన పంపింది నేనేనండి!"

"చెప్పుల గురించా?" సోమయాజులు గారు ఉత్తర్వు మొదటినుంచి చివరిదాకా నెమ్మదిగా చదివారు. "ఆ మాట ఇందులో లేదే."

వెనకనించి మంగాయమ్మ అందుకుంది. "అయ్యగారూ, ఈడూ జోడూ అంటారు గదండి. మా ఆయన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారా అండి?"

ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే సోమయాజులు గారు నవ్వలేదు. ఆయన కళ్ళు మూసుకుని అర నిమిషం ఆలోచించారు. "భర్త ధరింపదగిన వస్తువు కాదు. మినహాయింపు."

"ఆ ముక్క రాసివ్వండి బాబూ, ఇంటికెళ్ళి చూపిస్తాను" అంది మంగాయమ్మ.

ఇక ఏదో ఒకటి వదులుకోవాలి. నల్ల బూట్లు వదలడానికి వీల్లేదు, సమావేశాలకి అవి తప్పనిసరి. గుడ్డ బూట్లు వదలడానికి వీల్లేదు, ఆరోగ్యం తప్పనిసరి. మిగిలినవి చెప్పులూ, కళ్ళజోడూ. ఒకటి లేకపోతే నడవలేరు, ఇంకొకటి లేకపోతే చదవలేరు. త్రిమూర్తులు గారు వరండాలో నిలబడి కాళ్ళకేసి చూసుకున్నారు. నడవకపోతే బస్సెక్కలేను, బస్సెక్కకపోతే ఆఫీసుకి రాలేను. చదవకపోతే? ముప్ఫై ఒక్కేళ్ళు చదివాను, ఏం ఒరిగింది గనక? కళ్ళజోడు తీసి చేతిలో పెట్టారు. సోమయాజులు గారు దాన్ని కవర్లో పెట్టి, లక్కతో సీలు వేసి, విసర్జిత జోళ్ళ పెట్టెలో వేయించారు. ఆఫీసులో నలభై దాటినవాళ్ళందరికీ అదే గతి పట్టింది.

చూపు సరిగా ఉన్నవాడు సీనియర్ అసిస్టెంటు కొండలరావు ఒక్కడే మిగిలాడు. మంచివాడు, పనిమంతుడు, తనంత తానుగా ఆలోచించే దురలవాటు కూడా కొంచెం ఉంది. ఆనాటినుంచి కాగితాలన్నీ అతనే రాసేవాడు, ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపించేవాడు, త్రిమూర్తులు గారు ఆ వేలు పక్కన సంతకం పెట్టేవారు. ఇదివరకు ఒక్కో ఫైలు ఆయన దగ్గర నాలుగేసి రోజులుండేది. కామాలు దిద్దేవారు, ఒత్తులు దిద్దేవారు, పాత ఉత్తర్వు నంబరు సరిచూసేవారు. ఇప్పుడు పొద్దున వచ్చిన ఫైలు మధ్యాహ్నానికల్లా గుమ్మం దాటుతోంది. రెండు నెలల్లో పెండింగు ఫైళ్ళు లేని ఆఫీసుగా కాకినాడకి ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించారు. త్రిమూర్తులు గారికి అందులో తన పేరెక్కడుందో కనబడలేదు.

చదవకుండా సంతకాలు పెట్టినందుకు ఒక్క ఫిర్యాదు రాలేదు, ఒక్క పని చెడలేదు. ఆయన్ని బాధపెట్టింది అదే. అన్నేళ్ళూ తను దిద్దిన కామాల వల్ల దేశానికి ఏదో మేలు జరుగుతోందని ఆయన నిజంగానే నమ్మారు పాపం.

శుక్రవారం సూచనలు మాత్రం ఆగలేదు. అవి కూడా కొండలరావే రాసేవాడు. ఒక శుక్రవారం అతను, మూడు జోళ్ళు సంచిలో మోసుకురావడం కష్టంగా ఉందని సిబ్బంది అనుకోవడం విని, "మూడు కన్న ఒకటి సరళము" అని రాశాడు. త్రిమూర్తులు గారు వేలు పక్కన సంతకం పెట్టారు. నాలుగో రోజుకి ఉత్తర్వు వచ్చేసింది. ఏకజోడు విధానం. ప్రతి ఉద్యోగికీ ఒకే ఒక్క సర్వోపయోగ జోడు, నల్లది, తాళ్ళు కలది. సర్వోపయోగం అంటే అన్ని సందర్భాలకే కాదు, అందరు ఉద్యోగులకూ ఉపయోగపడాలి కనుక అందరికీ ఒకటే సైజు. ఉద్యోగుల సైజులన్నీ కూడి భాగిస్తే ఎనిమిది వచ్చింది. తక్కినవన్నీ శుక్రవారం సాయంత్రంలోగా పెట్టెలో విసర్జించాలి.

"ఇదెవడు పంపాడయ్యా!" అని త్రిమూర్తులు గారు కేకేశారు.

కొండలరావు తల వంచుకుని కాగితం మీద ఒకచోట వేలు పెట్టాడు. అక్కడేముందో కళ్ళజోడు లేకపోయినా ఆయనకి తెలిసింది.

మంగాయమ్మ ఉత్తర్వుతోపాటే వచ్చిన ఎనిమిదో నంబరు బూట్లలో పాత కాగితాలు కుక్కుకుని ధడ్‌ధడ్‌మని నడిచింది. తొమ్మిదో నంబరు కాళ్ళున్న త్రిమూర్తులు గారు వేళ్ళు ముడుచుకుని వాటిలో దూరారు. మూడు రోజులకి మడమలోని మేకు మోకాలిదాకా పాకింది. బస్సు దిగి ఆఫీసుకి నడిచే పావుగంట దారి ముప్పావుగంట అయింది. ఇంట్లో వీరవేణి వేణ్ణీళ్ళలో ఉప్పేసి కాళ్ళు పెట్టించి, ఎదురుగా కూచుంది.

"మీ ఉత్తర్వు మీరే రద్దు చేయించుకోకూడదా అండీ?"

"రద్దు చెయ్యాలంటే సూచన తప్పని నేను రాసివ్వాలి."

"రాసివ్వండి మరి."

"ప్రశంసాపత్రం వెనక్కిచ్చెయ్యాలి."

వీరవేణి నీళ్ళు చల్లారాయని ఇంకో చెంబు పోసింది. త్రిమూర్తులు గారికి సిగ్గేసింది. గోడ మీది ఫ్రేముకీ కాలి మడమకీ పోటీ పెడితే, తను ఫ్రేము పక్షాన నిలబడ్డారు. అదీ చదవలేని ఫ్రేము.

శుక్రవారం పాత చెప్పుల్ని సంచిలో పెట్టుకుని బయల్దేరారు. పెట్టెలో వేసే ముందు ఒకసారి ఏసోబుకి చూపించాలనిపించింది. చేసినవాడు అతను, చివరిచూపు అతనికీ ఉండాలి గదా. ఏసోబు రాతి మీద తోలు పరిచి కోస్తున్నాడు.

"ఏంటండీ కుంటుకుంటా వస్తన్నారు? నా చెప్పులేయి?"

త్రిమూర్తులు గారు సంచి ఇచ్చి సంగతంతా చెప్పారు. చెప్పుల కోసం ఏడవడం ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని అటూ ఇటూ చూశారు గాని, ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది. ఏసోబు చెప్పుల్ని తిరగేసి, కుట్లు నొక్కి చూసి, పక్కన పెట్టేసుకున్నాడు.

"ఈటిని పెట్టెలో ఎయ్యటానికి ఈల్లేదండి. కుడికాలిది కుట్టు ఒదులైంది. రిపేరు సెయ్యాలి."

"ఇంక రిపేరు దేనికి ఏసోబూ, పారేసేదానికి?"

"ఎప్పటికవుద్దో సెప్పలేనండి. వారం పట్టొచ్చు. ఏడాదీ పట్టొచ్చు. మీ ఆఫీసులో కుర్చీలు రిపేరులో ఉన్నాయని మీరే సెప్తుంటారు గదా, అయ్యెప్పుడిచ్చారండి?"

పన్నెండేళ్ళ కిందట. త్రిమూర్తులు గారు నిలబడ్డవారు నిలబడ్డట్టే ఉండిపోయారు. రిపేరులో ఉన్న కుర్చీలు! వాటిని ఏ తనిఖీలోనూ ఎవరూ లెక్కపెట్టలేదు. తన రిజిస్టరులో, తన చేతులతో దించిన నమూనాలో, మూడో గడి ఖాళీగా ఉంది. బద్ధకం కొద్దీ చేసిన పని ఒక్కటే తన సర్వీసులో ఎవరికైనా పనికొచ్చిందని ఆ క్షణాన ఆయనకి తోచింది.

ఆ సాయంత్రం రిజిస్టరులో రాయించారు: "జోడు ఒకటి, తోలు. రిపేరులో ఉన్నది." మర్నాడు విసర్జిత జోళ్ళ పెట్టెలోంచి తన కళ్ళజోడు కవరు తీయించి ఇంకోటి రాయించారు: "జోడు ఒకటి, గాజు. రిపేరులో ఉన్నది." చెప్పులు కుట్టేవాడి దగ్గర గాజు జోడు ఏం రిపేరని ఎవరూ అడగలేదు. అడగాలంటే చదవాలి, చదవగలిగినవాడు కొండలరావు ఒక్కడే, అతను తన మూడు జతలు కూడా రిపేరుకి ఎలా పంపాలా అని చూస్తున్నాడు.

నెల రోజుల్లో ఏసోబు కొట్టు గోడకి మేకులు చాలలేదు. సందు పొడుగునా తాడు కట్టి జతలు వేలాడదీశాడు, ఒక్కోదానికీ అట్టముక్క మీద పేరు రాసి. పొద్దున తొమ్మిదిన్నరకి సిబ్బంది అంతా ఆ సందులో ఒంటికాలి మీద నిలబడి చెప్పులు విప్పి ఎనిమిదో నంబరు బూట్లు తొడుక్కునేవారు. సాయంత్రం అయిదుంబావుకి బూట్లు సంచిలో వేసుకుని మళ్ళీ మనుషులయ్యేవారు. రెండోసారి తనిఖీ జరిగిన రోజు తాడు మీద నాజూకైన గోధుమరంగు శాండల్స్ కనిపించాయి. అట్టముక్క మీద సోమయాజులు అని ఉంది.

"ఈయన కూడానా?" అన్నారు త్రిమూర్తులు గారు.

"ఆయ్. ఇది ఆయన అభిప్రాయం కాదంటండి, కాళ్ళ అభిప్రాయమంట" అన్నాడు ఏసోబు.

త్రిమూర్తులు గారికి ఆ సాయంకాలాలు పండగలా ఉండేవి. చెప్పులు తొడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, ఏసోబు పక్కన పెట్టె మీద కూచుని అతను మడిచి పెట్టుకున్న పేపరు మొత్తం చదివేవారు. చదువుతూ పెన్సిలుతో కామాలు దిద్దేవారు. మేకు మెల్లగా మోకాలి నుంచి మడమకి, మడమనుంచి ఎక్కడికో పోయింది. ఆఫీసులో పగలంతా గుడ్డివాడిలా సంతకాలు పెట్టినా, సాయంత్రం సందులో ఒక అరగంట పాటు ఆయన సంపూర్ణమైన సూపరింటెండెంటు.

అలా మరో శుక్రవారం వచ్చింది. సాయంత్రం నాలుగూ యాభైకి కొండలరావు హడావిడిగా వచ్చి ఒక కాగితం మీద వేలు పెట్టాడు. "సూచన అండి. ఇంకేదీ తోచలేదు, టైమైపోతోంది." త్రిమూర్తులు గారు వేలు పక్కన సంతకం పెట్టారు. ఈమధ్య సూచనల్ని కమిషనరు గారు అక్కడికక్కడే ఆమోదించేస్తున్నారు కనుక, పది నిమిషాల్లోనే ఆమోద ముద్రతో ఫ్యాక్సులో తిరిగొచ్చింది. ఇంటికెళ్ళబోతుండగా మంగాయమ్మ మడత పెట్టి జేబులో పెట్టింది. "తమరి కాపీ అండి."

సందులో చెప్పులు తొడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, పేపరు కోసం చెయ్యి చాపారు. ఆ రోజు పేపరు లేదు, గొడుగు బాగుచేయించుకోడానికి వచ్చిన ఆవిడెవరో పట్టుకెళ్ళిందట. చదవకుండా కూచోలేక జేబులోని కాగితం తీశారు.

"కార్యాలయ సమీపమున రిపేరు నెపమున పెక్కు జోళ్ళు నిలువయుండుట గమనించడమైనది. ఇది సరళీకరణకు విరుద్ధము. వచ్చు సోమవారము నుండి రిపేరులో ఉన్న జోళ్ళను కూడ వాడుకలో ఉన్నవిగానే లెక్కించి విసర్జింపవలెను. రిజిస్టరునందలి మూడవ గడిని తొలగింపవలెను. సూచన: గుబ్బల త్రిమూర్తులు, జోడు సమన్వయాధికారి. ఆమోదించడమైనది."

రెండుసార్లు చదివారు. మూడోసారి చదువుతూ, అలవాటు కొద్దీ, నెపమున తర్వాత ఒక కామా పెట్టారు. తర్వాత ఆయనకి నవ్వొచ్చింది. పెట్టె మీద అటూ ఇటూ ఊగిపోతూ, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఏసోబు కత్తి ఆపి చూశాడు.

"ఏంటండీ అంత కామెడీ?"

త్రిమూర్తులు గారు కాగితంలో ఉన్నది చదివి వినిపించారు. ఏసోబు తాడు మీది జతలకేసి ఒకసారి చూశాడు.

"ఈ దిక్కుమాలిన ఆలోసన ఎవరిదండీ?"

"నాదే."

"మీకు తెలుసా అండి?"

"ఇప్పుడే తెలిసింది."

ఏసోబు కాసేపు తోలు కోశాడు. కోసి, ముక్కని పక్కన పెట్టి, "ఎప్పణ్ణించంట?" అన్నాడు.

"సోమవారం నించి."

"మరింకేంటండీ, ఇయ్యాల సుక్కురారమే గదా" అన్నాడు ఏసోబు. "ఏసుకెళ్ళండి. ఆ కళ్ళజోడు కూడా పెట్టుకెళ్ళండి."

త్రిమూర్తులు గారు లేచారు. ఎనిమిదో నంబరు బూట్లున్న సంచిని ఏసోబు కొట్టు కింద వదిలేశారు. సందు దాటి మెయిన్ రోడ్డు ఎక్కారు. మందుల షాపు బోర్డు చదివారు. పాల కేంద్రం బోర్డు చదివి అందులో ఒక ఒత్తు తప్పు పట్టారు. బస్టాపు వచ్చింది. బస్సు కూడా వచ్చి ఆగింది. ఇల్లు ఇంకా మూడు కిలోమీటర్లుంది. ఆయన బస్సు నెత్తిన రాసి ఉన్న ఊరి పేరు తీరిగ్గా చదువుకుని, దాన్ని పోనిచ్చి, నడుచుకుంటూ వెళ్ళిపోయారు.